ఉప్పునీటి ట్యాంకుకి వేస్ట్ లైన్: పైపు కొనే ముందు వాటం (వాలు) చూసుకోండి

పాలకొల్లు నుంచి ఒకాయన అడిగింది ఇదీ. హాల్లో 4 అడుగుల సముద్రపు చేపల ట్యాంకు, కింద క్యాబినెట్‌లో సంప్, అంటే ఫిల్టర్ సామాను ఉండే రెండో తొట్టి. వారానికి 40 లీటర్లు మార్చాలి. ఆ నీళ్లు బకెట్లలో 18 అడుగుల దూరంలో ఉన్న బాత్రూమ్‌కి మోసి మోసి నడుం పట్టేసింది. వేస్ట్ పైపు తనే వేసుకోవచ్చా, స్కిమ్మర్ (నీటిలోని మురికిని నురగగా తీసే పరికరం) కప్పునీ ఆర్‌ఓ వేస్ట్‌నీ కూడా అందులోకే కలిపేయొచ్చా అని. సొంత ఇల్లే, గోడకి కన్నం పెట్టినా ఫర్వాలేదు అన్నారు.

వేసుకోవచ్చండి. ఒక ఆదివారం పని, అంతే. కలపడం సంగతికొస్తే ట్యాంకు నీళ్లు సరే, ఆర్‌ఓ వేస్ట్‌కి వేరే దారి, స్కిమ్మర్‌ని మాత్రం అసలు కలపొద్దు. ఎందుకో చెప్తాను. నేను ఉప్పాడ వైపు రొయ్య హేచరీలో కొన్నేళ్లు పనిచేసి ఇప్పుడు భీమవరంలో ఉంటున్నాను. ఇంట్లో ట్యాంకు పెట్టి 11 ఏళ్లు. ఈ 11 ఏళ్లలో వేస్ట్ లైన్ మూడుసార్లు వేశాను. మొదటి రెండూ పాడవడానికి కారణం నేనే.

పైపు మాట ఎత్తేముందు ఆ నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయో చూసుకోండి. మామూలు చేపల ట్యాంకు నీళ్లైతే మొక్కలకి పోస్తాం, అవి ఏపుగా పెరుగుతాయి. ఇవి అలా కాదు. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు. 40 లీటర్లంటే కిలో 400 గ్రాములు. వారం వారం చేస్తే ఏడాదికి 73 కిలోలు. అంటే ఏటా బస్తాన్నర ఉప్పు మీ పెరట్లో పారబోసినట్టు. కొబ్బరి చెట్టు కాస్త ఉప్పుకి ఓర్చుకుంటుంది కదా అని పాదులో పోసేవాళ్లని చూశాను. చెట్టు ఓర్చుకున్నా నేల చౌడు పడుతుంది, పక్కనున్న కరివేపాకూ, అరటీ ముందు పోతాయి. మన దగ్గర భూగర్భజలం ఎంతో లోతున ఉండదు, వానాకాలంలో మరీ పైకి వస్తుంది. ఇంకుడు గుంతలోకి వదిలితే ఆ ఉప్పు మీ బోరులోకో పక్కింటి నూతిలోకో చేరుతుంది. పంట బోదె (చేలకి నీళ్లు పెట్టే చిన్న కాలువ) దగ్గర్లో ఉంటే దానిలోకి చుక్క కూడా పోకూడదు. వరి ఉప్పుకి తట్టుకోలేదు. రొయ్యల చెరువు నీళ్లు బోదెలో కలిస్తే ఊళ్లలో ఎలాంటి తగాదాలు వస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. మనం చేపలకి మేతగా వేసే ఫ్రీజర్ రొయ్య ముక్కల్లో రొయ్యల్ని చంపే వైట్ స్పాట్ వైరస్ బతికి ఉండే అవకాశం ఉంది. దానివల్ల మన చేపలకీ ఏం కాదు, మనుషులకీ ఏం కాదు. కానీ ఆ నీళ్లు వనామీ రొయ్యల చెరువుకి తోడే కాలువలో పడితే ఎవరిదో పంట పోవచ్చు. హేచరీలో బయటికి పోయే నీళ్లకి బ్లీచింగ్ వేసి గానీ వదిలేవాళ్లం కాదు, ఆ భయం నాకు ఇప్పటికీ ఉంది. కాబట్టి ఇంటి వాడుక నీళ్లతో కలిసి సెప్టిక్ ట్యాంకుకి పోయే ఛాంబరే (పెరట్లో జాలీ మూత ఉన్న గుంతే) దీనికి సరైన చోటు. వారానికి 40 లీటర్లు, ఇంట్లో రోజూ వాడే వందల లీటర్లలో పలచబడిపోతాయి. మీ బాత్రూమ్ నీళ్లు సెప్టిక్‌కి పోతున్నాయో, నేరుగా పెరట్లో గుంతలోకి పోతున్నాయో తెలియకపోతే ఒక బకెట్ నీళ్లలో బట్టల నీలిమందు కలిపి బాత్రూమ్ నేలలో నీళ్లు దిగే నానీ ట్రాప్‌లో పోసి, బయట ఎక్కడ తేలుతుందో చూడండి.

ఇక దారి. హాల్లోంచే బాత్రూమ్‌కి పైపు లాగాలని మీ ఆలోచన అనుకుంటాను. వద్దు. వేస్ట్ పైపుకి అడుగుకి పావంగుళం వాటం కావాలి. 18 అడుగులకి అది 4.5 అంగుళాలు. చివర నానీ ట్రాప్ జాలీకి 2 అంగుళాలు పైన పైపు మూతి ఆగాలి. అంటే ట్యాంకు దగ్గర నేల నుంచి 6, 7 అంగుళాల ఎత్తులో మొదలైన పైపు, బాత్రూమ్ గుమ్మం దగ్గర 2, 3 అంగుళాల ఎత్తులో అడ్డంగా ఉంటుంది. ఎవరో ఒకరు తన్నుకుని పడతారు. పడకూడదని పైపుని నేలకి ఆనిస్తే వాటం పోతుంది.

నా మొదటి లైన్ సరిగ్గా ఇదే. గుమ్మం దగ్గర పైపు బొటనవేలంత కిందికి జారింది, నాకు కనిపించలేదు. నాలుగు నెలలకి హాల్లో కుళ్లిన గుడ్డు వాసన మొదలైంది. సోఫా కింద ఎలుక చచ్చిందేమోనని మా ఆవిడ రెండు రోజులు ఇల్లంతా వెతికింది. చివరికి అనుమానం వచ్చి ఆ చోట పైపు కోస్తే, లోపల కాటుకలాంటి నల్లటి బురద, దాని మీద చారెడు నీళ్లు. నీళ్లు పోయిన ప్రతిసారీ ఆ జారుడులో కాసిన్ని ఆగిపోయి, చేపల మురుగు అక్కడే కుళ్లుతోందన్నమాట. డెల్టాలో పుట్టి పెరిగినవాడిని, పంట కాలువ మెరక మీద, డ్రెయిన్ పల్లంలో ఎందుకుంటాయో చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. ఇంట్లో పైపు దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను.

మీకు ఒక సౌకర్యం ఉంది, దాన్ని వాడుకోండి. వరద భయంతో మన వైపు ఇళ్లకి బేస్‌మెంట్ ఎత్తుగా కడతాం. హాలు నేల కంటే పెరటి నేల 2 అడుగులు, ఒక్కోచోట 3 అడుగులు కిందికి ఉంటుంది. కాబట్టి ట్యాంకు వెనక గోడకే కన్నం పెట్టి పైపుని బయటికి తీసేయండి. అక్కడి నుంచి గోడ బయట వైపు వాటంగా ఛాంబర్ దాకా నడపండి. కావాలంటే అడుగుకి అరంగుళం వాటం ఇచ్చుకున్నా ఎత్తు మిగులుతుంది. హాల్లో పైపు అడుగున్నర కూడా కనిపించదు. కోర్ కటింగ్ వాళ్లని పిలిస్తే గోడ పగలకుండా గుండ్రంగా కన్నం పెట్టిస్తారు. కన్నం లోపలి నుంచి బయటికి కాస్త వాలుగా ఉండాలని ముందే చెప్పండి, లేకపోతే జడివానకి నీళ్లు హాల్లోకి వస్తాయి. కన్నంలో ముందు 63 ఎం.ఎం. పైపు ముక్క సిమెంట్‌తో బిగించి, దానిలోంచి 50 ఎం.ఎం. వేస్ట్ పైపు పోనివ్వండి. రేపు మార్చాల్సి వస్తే గోడ జోలికి పోనక్కర్లేదు.

50 ఎం.ఎం. ఎందుకు, అంగుళం పైపు చాలదా అంటారు. నీళ్లకి చాలుతుంది, ఉప్పు పొరకీ మురుగుకీ చాలదు. పెద్ద పైపు వేస్తే ఖర్చులో తేడా కొంచెమే.

ట్యాంకు వైపు ఎలా కలపాలన్నది అసలు కిటుకు. చాలామంది ట్యాంకుకో సంప్‌కో టీ (మూడు దారుల అతుకు) వేసి, బాల్ వాల్వ్ పెట్టి, పైపుని శాశ్వతంగా కలిపేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒకరోజు వాల్వ్ తిప్పి ఫోన్ మాట్లాడుతూ వీధిలోకి వెళ్లిపోతారు, అది మానవ సహజం. అందుకని నేను కలపను. వాషింగ్ మెషీన్ గొట్టాన్ని ఎలా వదులుతామో అలాగే వదులుతాను. క్యాబినెట్ వెనక 50 ఎం.ఎం. పైపు నిలువుగా, నేల నుంచి 2 అడుగుల ఎత్తున, మూతి తెరిచి ఉంటుంది. ట్యాంకులోంచి అరంగుళం గొట్టం సైఫన్‌గా వచ్చి ఆ మూతిలోకి జానెడు దిగుతుంది. మూతి దగ్గర సీల్ చేయకూడదు, గాలి ఆడాలి. గొట్టం ఎగిరి బయటపడకుండా ఒక క్లిప్ మాత్రం తప్పనిసరి. పని అయ్యాక గొట్టం తీసి కడిగి ఆరేస్తాను. ట్యాంకుకీ డ్రెయిన్‌కీ మధ్య శాశ్వత సంబంధమే లేదు, ఇక లీకయ్యేదేముంది?

ఆ గొట్టం మొదలు ఎంత లోతున ఉండాలన్నది లెక్క వేసి పెట్టండి, ఊరికే ముంచొద్దు. మీ ట్యాంకు 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు అన్నారు. గాజు మందం పోను ఒక సెంటీమీటరు నీటిమట్టం దిగితే సుమారు ఐదుంబావు లీటర్లు పోయినట్టు. 40 లీటర్లకి ఏడున్నర సెంటీమీటర్లు, అంటే 3 అంగుళాలు. 20 ఎం.ఎం. పైపు, రెండు ఎల్బోలతో ట్యాంకు అంచుకి తగిలించుకునే కొక్కెంలాంటిది చేయండి. దాని లోపలి కాలు నీటిమట్టానికి సరిగ్గా 3 అంగుళాల కిందకి రావాలి. బయటి కాలుకి గొట్టం తొడగండి. నీళ్లు 3 అంగుళాలు దిగగానే పైపు గాలి పీల్చుకుని సైఫన్ తెగిపోతుంది. మీరు ఫోన్‌లో ఉన్నా, నిద్రలో ఉన్నా 40 లీటర్లకి మించి ఒక్క గ్లాసు పోదు. ఈ పద్ధతికి అలవాటు పడ్డాక వాల్వ్‌లూ టైమర్లూ నాకు అవసరం రాలేదు. అరంగుళం గొట్టంతో 40 లీటర్లూ ఐదారు నిమిషాల్లో దిగిపోతాయి. లోపలి కాలు మూతికి ప్లాస్టిక్ జాలీ కట్టండి, చిన్న నత్తలు తెగ దూరతాయి. సైఫన్ మొదలెట్టడానికి నోటితో పీల్చొద్దు, రబ్బరు బుడ్డి ఉన్న చేతి పంపు దొరుకుతుంది. మొదటి నెల రోజులూ ఆ ఐదు నిమిషాలూ పక్కనే నిలబడి చూడండి.

సైఫన్ పెట్టే ముందు సంప్ నుంచి నీళ్లు పైకి తోడే రిటర్న్ పంపు, స్కిమ్మర్, హీటర్ ఉంటే హీటర్, ఆవిరైన నీటి బదులు మంచినీళ్లు పోసే ఆటో టాప్-అప్, నాలుగూ ఆపాలి. నాలుగో దాని గురించే రెండో కథ.

స్కిమ్మర్ కప్పు రోజూ కడగడం విసుగు. దాని డ్రెయిన్ మూతికి ట్యూబ్ తొడిగి నేరుగా వేస్ట్ లైన్‌లోకి పంపితే హాయి కదా అని నా రెండో లైన్‌లో అలాగే చేశాను. ఒక సాయంత్రం ఊడిన పగడం ముక్కని ఎపాక్సీ పుట్టీతో రాయికి అంటించాను. ఎపాక్సీ నీళ్లలో పెట్టిన రోజు స్కిమ్మర్ పిచ్చిపట్టినట్టు నురగ కక్కుతుందని తెలిసీ మర్చిపోయాను. రాత్రంతా నురగ రూపంలో ట్యాంకు నీళ్లు కప్పులోకి, కప్పులోంచి డ్రెయిన్‌లోకి. సంప్‌లో మట్టం తగ్గిన ప్రతిసారీ టాప్-అప్ పంపు తన ధర్మం తాను పాటించి మంచినీళ్లు పోసింది. నేల మీద చుక్క లేదు, చప్పుడు లేదు. పొద్దున లేచి చూస్తే 60 లీటర్ల ఆర్‌ఓ టబ్ ఖాళీ. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 35 ఉండాల్సింది 29 చూపించింది. క్లీనర్ ష్రింప్ అనే చిన్న రొయ్య అడుగున పడి ఉంది, పగడాలన్నీ ముడుచుకుపోయాయి. పైపు చక్కగా పనిచేయడమే నా కొంప ముంచింది. అదే కప్పు నిండి సంప్‌లోకి పొర్లి ఉంటే ఉప్పు ఉప్పుగానే ఉండేది, కాస్త మురికయ్యేదంతే. ఉప్పు మళ్లీ 35కి తేవడానికి తొందరపడకుండా, ఆవిరైన నీటి బదులు ఉప్పునీళ్లు పోస్తూ రోజులు పట్టింది.

అందుకని స్కిమ్మర్‌ని లైన్‌కి కలపొద్దు. 5 లీటర్ల మూత ఉన్న క్యాన్ ఒకటి క్యాబినెట్‌లో పెట్టి, కప్పు ట్యూబ్‌ని దానిలోకి వదలండి. మూతకి ఇంకో చిన్న కన్నం పెట్టండి, లోపలి గాలి బయటికి పోవాలి, లేకపోతే ట్యూబ్‌లో గాలి అడ్డుపడి కప్పు ఖాళీ కాదు. వాసన కోసం ఆ కన్నం మీద గుడ్డలో కట్టిన కార్బన్ ముక్కలు పెట్టుకోవచ్చు. క్యాన్ నిండే సమయానికి స్కిమ్మర్ కరెంటు కట్ చేసే ఫ్లోట్ స్విచ్ పెడితే ఇంకా మంచిది. ఎంత నష్టపోయినా 5 లీటర్లే. ఆ క్యాన్‌ని వారానికోసారి టాయిలెట్‌లో పోసేయండి. ముక్కు మూసుకుని పోయండి, అది వేరే సంగతి.

ఆర్‌ఓ వేస్ట్ ఉప్పునీళ్లు కాదు, మున్సిపాలిటీ నీళ్లే కాస్త చిక్కబడి వస్తాయి. పాత రకం యూనిట్‌లో ఒక లీటరు మంచినీటికి మూడు నాలుగు లీటర్లు వేస్ట్‌గా పోతాయి. వేసవిలో కాలువలు కట్టేశాక సమ్మర్ స్టోరేజీ ట్యాంకు నీళ్ల మీదే ఊళ్లు బతికే చోట ఇన్ని నీళ్లు డ్రెయిన్‌లో వదలడం నాకు మనసొప్పదు. ఒక డ్రమ్ములోకి పట్టండి, ఇల్లు తుడవడానికి, బట్టలు నానబెట్టడానికి పనికొస్తాయి. అందులోంచి ఒక బకెట్ మాత్రం వేస్ట్ లైన్ కోసం ఉంచుకోండి. ప్రతిసారీ ఉప్పునీళ్లు వదిలాక ఆ నిలువు పైపులో బకెట్ నీళ్లు గబుక్కున కుమ్మరిస్తే లైన్ కడిగినట్టవుతుంది. పైపులో ఉప్పు పేరుకోదు, వాసన రాదు, ఛాంబర్ ఇనుప మూత తుప్పు పట్టడం కూడా తగ్గుతుంది.

ఇప్పుడు చివరి మూతి. ఛాంబర్‌లోకి పైపు దూర్చి సిమెంట్ చేసేయమని మీ ప్లంబర్ గారు అంటారు. వద్దని గట్టిగా చెప్పండి. ఛాంబర్ జాలీకి 2 అంగుళాలు పైనే పైపు ఆగిపోవాలి. జడివానలకి డ్రెయిన్లు నిండి, సముద్రం పోటు మీద ఉంటే నీళ్లు ఎటూ దిగక వెనక్కి ఎగదన్నుతాయి. భీమవరంలో యనమదుర్రు డ్రెయిన్ నిండినప్పుడు వీధి కాలువలు ఎటు పారతాయో చూసినవాడిని. అలాంటి రోజు ఛాంబర్ పొంగితే పెరట్లో పొంగుతుంది, అసహ్యంగా ఉంటుంది, పోతుంది. పైపు కలిపేసి ఉంటే అదే మురుగు దారి దొరికించుకుని మీ హాలు వైపు ఎక్కుతుంది. నాన్-రిటర్న్ వాల్వ్ పెడితే చాలదా అంటే, ఉప్పు పేరుకుని దాని రెక్క సగం తెరుచుకునే ఉండిపోతుంది. నమ్మకండి. 2 అంగుళాల ఖాళీకి ఖర్చు లేదు, రిపేరూ లేదు. పైగా ఆ ఖాళీ వల్ల సెప్టిక్ గ్యాస్ మీ పైపులోకి రాదు, కాబట్టి హాల్లో ట్రాప్ బెండు కూడా అక్కర్లేదు. మూతికి గట్టి స్టీల్ మెష్ కట్టండి. బొద్దింకలు ఎలాగూ వస్తాయి, నా భయం పందికొక్కు పిల్లల గురించి.

పని చేసేటప్పుడు కొన్ని. మలుపు దగ్గర ఒక 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45 డిగ్రీలవి వేయండి. దూరపు కొస దగ్గర ఒక టీ వేసి, తిప్పితే ఊడే మూత పెట్టండి, కడ్డీ పెట్టి పొడిచి శుభ్రం చేసుకోవడానికి. ప్రతి రెండున్నర అడుగులకి ఒక క్లాంప్. క్లాంపుల ఎత్తు రసమట్టంతో కాకుండా తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో గుర్తుపెట్టుకోండి, ఇంత దూరానికి అదే కచ్చితం. మొదటి గుర్తుకీ చివరి గుర్తుకీ మధ్య సుద్ద దారం లాగి కొడితే వాటం గీత గోడ మీద పడుతుంది, దాని వెంటే క్లాంపులు. ఇక అతికించడం. పైపు కోశాక అంచు నూగు బ్లేడుతో గీకండి, సొల్యూషన్ రాయకుండా ముందు అన్నీ ఒకసారి బిగించి చూసుకుని పెన్సిల్ గుర్తులు పెట్టండి. తర్వాత రెండు వైపులా సొల్యూషన్ రాసి, పావు చుట్టు తిప్పుతూ నొక్కి అర నిమిషం వదలకుండా పట్టుకోండి. మన తేమకి ఒక రోజు ఆరనిచ్చి గానీ నీళ్లు వదలొద్దు. ఎండ తగిలే భాగానికి ఒక పూత పెయింట్ వేయండి, పీవీసీ ఎండకి పెళుసెక్కుతుంది.

ముందు మంచినీళ్లతో పరీక్షించండి, కింద న్యూస్‌పేపర్ పరిచి. తడి మచ్చ లేకపోతే ఉప్పునీళ్లు వదలండి. వారం తర్వాత ప్రతి అతుకునీ వేలితో తడిమి చూడండి. కంటికి కనపడని లీకు ఉంటే అక్కడ తెల్లగా ఉప్పు గడ్డం మొలుస్తుంది, ఉప్పునీటి పనిలో ఉన్న ఒకే ఒక మేలు ఇది. క్యాబినెట్‌లో ప్లగ్ బోర్డు నిలువు పైపు పక్కన ఉంటే ఈ రోజే పైకి, అవతలి వైపుకి మార్చండి. ఆ లైన్‌కి కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

మీరు రాసిన దాంట్లో ఒక కొలత మాత్రం లేదు. ట్యాంకు వెనక గోడ అవతల, పెరటి నేల మీ హాలు నేల కంటే ఎంత కిందికి ఉంది? టేపుతో కొలిచి, ఛాంబర్ మూత ఎత్తు కూడా చెప్పండి. కన్నం ఎక్కడ పెట్టాలో అప్పుడు లెక్క వేద్దాం, అప్పటిదాకా కోర్ కటింగ్ వాళ్లని పిలవకండి.